మిషన్ కుట్టేదాని కళ్లతో ఓ స్ప్లింట్ల షాపు

నేను ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. మాది హిందూపురం దగ్గర పల్లె. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి రామమూర్తి నగర్‌లో ఇంటి ముందు గదిలోనే మిషన్ వేసుకున్నాను. ఎవరు కుట్టిన జాకెట్టు నా చేతికొచ్చినా ముందు తిరగేసి లోపలి అంచు చూస్తాను. పైన కుట్టు ఎవరైనా అందంగా వేస్తారు. లోపల మార్జిన్ వదిలారా, దారాలు లేవకుండా ఇంటర్‌లాక్ చేశారా, చంక దగ్గర గుడ్డ ముద్దగా పడిందా అన్నది చూస్తే కుట్టినవాళ్ల సంగతి తెలిసిపోతుంది. పోయిన జూలైలో విల్సన్ గార్డెన్‌లోని ఈ షాపాయన మా పాప కాళ్లకు చేసిన ప్లాస్టిక్ స్ప్లింట్లు నా చేతిలో పెట్టినప్పుడూ అదే పని చేశాను. తిరగేసి, అంచంతా చూపుడు వేలితో రాసి చూశాను. ఎక్కడా గరుకు తగల్లేదు. ఆయన నా వేలి వంకే చూస్తూ, "టైలరమ్మా నువ్వు?" అన్నాడు.

డాక్టర్లు చీటీలో ఏఎఫ్ఓ అని రాస్తారు. పాదం అడుగున మొదలై, మడమ వెనకగా పిక్క పైదాకా వచ్చే తొడుగు అది. నడిచేటప్పుడు పాదం ముందుభాగం కిందికి వేలాడకుండా పట్టుకుంటుంది. మేం ఇంట్లో స్ప్లింట్ అంటాం. పాప మాత్రం "నా ప్లాస్టిక్ కాళ్లు ఎక్కడమ్మా?" అని వెతుక్కుంటుంది.

షాపు పేరు, నంబరు రాయడం లేదు. ఆయనే వద్దన్నాడు. ఉన్నది తను, ఒక కుర్రాడు, ఒక ఓవెన్. ఇప్పటికే చెప్పిన రోజుకు ఇవ్వలేకపోతున్నాననీ, ఇంకా జనం వస్తే పని చెడుతుందనీ అన్నాడు. నేనూ దసరాకు ముందు కొత్త గిరాకీ వద్దనుకునే మనిషినే కాబట్టి అర్థమైంది. ఆ చుట్టుపక్కల ఫిజియోథెరపీ చేసేవాళ్లని అడిగితే మీకే చూపిస్తారు. ఇలాంటి పని చేయించుకునేటప్పుడు ఏం చూడాలో తెలియక మేం కొన్ని నెలలు పోగొట్టుకున్నాం. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

పాపకు ఇప్పుడు తొమ్మిదేళ్లు. ఆరేళ్లప్పుడు మొదలైంది, ఊరికే తట్టుకుని పడిపోవడం. మొదట్లో "చూసుకుని నడవవే" అని కసిరేదాన్ని. ఆ మాటలు ఇప్పుడు గుర్తొస్తే నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తుంది. స్కూలు షూ మూడు నెలలకే ముందుభాగం అరిగి చిల్లు పడేది, మడమ మాత్రం కొత్తదానిలాగే ఉండేది. బట్ట ఎక్కడ చిరుగుతుందో చూసి మనిషి ఒళ్లు ఎటు లాగుతుందో చెప్పగలిగినదాన్ని, షూ చూసి మాత్రం కంపెనీని తిట్టుకున్నాను. పాదం మధ్యలో విల్లులా పైకి లేచి, వేళ్లు ముడుచుకుపోతూ వచ్చాయి. మెట్లు దిగుతూ చీలమండ మడతపడటం నెలకోసారి. మోకాళ్లు ఎత్తెత్తి వేసే నడక చూసి క్లాసులో పిల్లలు "కొక్కరె" అనడం మొదలుపెట్టారు. కన్నడంలో కొంగ. మా ఆయన దాన్ని ఒక ఆదివారం మద్దూరు దగ్గరి కొక్కరె బెళ్లూరుకు తీసుకెళ్లి, చెట్ల నిండా వాలిన నిజం కొంగల్ని చూపించుకొచ్చాడు. "అవి పడిపోవట్లేదు నాన్నా" అందట అది. ఆయన ఆ రాత్రి అన్నం తినలేదు.

ఒకచోట కాల్షియం తక్కువన్నారు. ఇంకోచోట చదును పాదం అన్నారు, ఉన్నది దానికి సరిగ్గా తలకిందులు. చివరికి నిమ్హాన్స్‌లో, అంటే బెంగళూరులోని మెదడు, నరాల జబ్బుల పెద్దాసుపత్రిలో, నరాల పరీక్ష చేశారు. చిన్న చిన్న షాకులిచ్చి, నరంలో కరెంటు ఎంత వేగంగా పోతుందో కొలుస్తారు. చేతి నరంలో సెకనుకు 50 మీటర్ల పైన ఉండాలట, 38 కంటే తగ్గితే నరం మీది తొడుగు చెడిన రకం కింద లెక్క. పాపకు 21 వచ్చింది. డాక్టరమ్మ పాపని వదిలేసి నా కాళ్ల వైపు చూసింది. "మీరు కూడా ఒకసారి పడుకోండి" అంది. నాది 24.

జబ్బు పేరు షార్కో మారీ టూత్. టూత్ అని వినగానే పళ్ల డాక్టరు దగ్గరికి పంపిస్తారేమో అనుకున్నాను. అది మనిషి పేరట. 1886లో పారిస్‌లో షార్కో, మారీ అనే ఇద్దరు, ఇంగ్లండులో టూత్ అనే ఆయన ఒకే ఏడాది దీని గురించి రాశారు. అన్ని రకాలూ కలిపి 2,500 మందిలో ఒకరికి ఉంటుందంటారు. మాది వన్ ఏ రకం. 17వ క్రోమోజోములో, నరం మీది తొడుగుకు సంబంధించిన పీఎంపీ22 అనే జన్యువు ఉన్న ముక్క అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, మొత్తం రెండుండాలి. మాకు మూడున్నాయి. ఈ సంగతి 1991లో కనిపెట్టారు. ఎక్కువుంటే మంచిదేగా అని నేను అడిగాను. డాక్టరమ్మ కరెంటు తీగ మీది రబ్బరు గురించి చెప్పింది గానీ నాకు మాత్రం జాకెట్టు మెడకు వేసే పైపింగే కళ్లముందు మెదిలింది. లోపల తాడు, చుట్టూ గుడ్డ. గుడ్డ ఎక్కువైతే పైపింగ్ నీటుగా చుట్టుకోదు, ముడతలు పడి ఊడుతుంది. కొన్నాళ్లకు లోపలి తాడూ పీలికలవుతుంది. అన్నిటికంటే పొడుగు తాళ్లు పాదాలకు పోయేవి, అందుకే ముందు పాదాలు. తర్వాత చేతులు.

మా నాయన చెప్పు జారిపోతే తెలియకుండా నాలుగడుగులు పోయి వెనక్కి వచ్చేవాడు. సన్నటి పిక్కలు. ఊళ్లో అందరూ చిన్నప్పుడు పోలియో వచ్చిందన్నారు, ఆయనా అదే అనుకుని పోయాడు. నాకు సూదిలో దారం ఎక్కించడం నాలుగేళ్లుగా కష్టమవుతుంటే కళ్లజోడు మార్పించాను. తొక్కే మిషన్ మీద మడమ నొస్తే మోటారు పెట్టించాను. అన్నిటికీ ఏదో ఒక కారణం దొరికేది.

ఆయుష్షుకు భయం లేదన్నారు, మందు కూడా లేదన్నారు. విటమిన్ సి బిళ్లలిచ్చి చాలా దేశాల్లో చూశారట, తేడా ఏమీ రాలేదు. మా ఆడపడుచు మాత్రం ఇప్పటికీ సంచీడు ఉసిరికాయలు పంపిస్తుంది. పచ్చడి పెట్టుకుంటాం. వాడకూడని మందుల చీటీ ఒకటిచ్చారు, అందులో మొదటిది విన్‌క్రిస్టీన్ అనే క్యాన్సర్ మందు. ఆ చీటీ బీరువాలో ఆధార్ కార్డుల పక్కన ఉంది. పుట్టే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం అన్నారు. మా చిన్నోడికి నాలుగేళ్లు. లక్షణాలు కనిపించనిదే అంత చిన్నపిల్లలకు జన్యు పరీక్ష చేయం అన్నారు. రోజూ సాయంత్రం వాడి షూ ముందుభాగం తిరగేసి చూస్తుంటాను. వాడు అది ఏదో ఆట అనుకుంటాడు.

ఇక చేయగలిగింది ఫిజియో, పిక్క కండరం సాగదీసే వ్యాయామాలు, ఈ స్ప్లింట్లు. అక్కడే మేం మొదటి తప్పు చేశాం. వేరే చోట, ఎక్కడన్నది వదిలేయండి, రెడీమేడ్‌వి కొన్నాం. ఎస్, ఎం, ఎల్ సైజుల్లో అట్టపెట్టెలో వస్తాయి. కౌంటరులో అబ్బాయి పాప కాలు చూడనేలేదు, వయసు అడిగి పెట్టె తీసిచ్చాడు. నా దగ్గరికి వచ్చి "ముప్పై ఐదేళ్ల ఆవిడకు జాకెట్టు కుట్టు" అని ఎవరైనా అంటే నేనేం కుడతాను? ఆరో రోజు స్కూలు నుంచి వచ్చాక సాక్సు తీయబోతే రాలేదు, చర్మానికి అంటుకుపోయింది. పాదం బయటివైపు, చిటికెన వేలి వెనక బుడిపెలా ఉండే ఎముక మీద రూపాయి బిళ్లంత పుండు. పాప టీవీ చూస్తూనే ఉంది. దానికి నొప్పి తెలియలేదు. ఈ జబ్బులో కండరంతో పాటు స్పర్శ కూడా తగ్గుతుందని చెప్పారు గానీ, అప్పటిదాకా అది నాకు బుర్రకెక్కలేదు. మానడానికి ఐదు వారాలు పట్టింది.

ఆ తర్వాత మా ఫిజియో ఈ షాపు చెప్పింది. కేఆర్ పురంలో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్ మారి, లాల్‌బాగ్‌లో దిగి ఆటో. షాపు మొదటి అంతస్తులో ఉంది. పదిహేడు మెట్లు, లిఫ్టు లేదు, పట్టుకోవడానికి కమ్మీ ఒకవైపే ఉంది, అది కూడా ఊగుతుంది. నడవలేనివాళ్లకు సామాను చేసే మనిషి మెట్ల మీద షాపు పెట్టడమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అడిగితే కింది గదికి అద్దె రెట్టింపట. నిజమే అయ్యుండొచ్చు, అయినా ఒక మార్కు ఇక్కడే కోసేస్తున్నాను. వీల్‌చెయిర్‌లో వచ్చినవాళ్ల కోసం ఆయనే కిందికి దిగి, పక్కనున్న జిరాక్స్ షాపు బల్ల మీద కొలతలు తీయడం రెండుసార్లు చూశాను. అది మంచితనం. దానివల్ల మెట్లు తగ్గవు.

మేం మొదటిసారి ఎక్కుతుంటే పైనుంచి కేకేశాడు, "ఇద్దరికీనా అమ్మా?" అని. పాపకే అన్నాను. ఇంకేం అడగలేదు.

ఆయనది ముళబాగిలు వైపు. కోలారు తెలుగు మాట్లాడతాడు, అది మా హిందూపురం తెలుగుకు పెదనాన్న కొడుకులా ఉంటుంది. గోడ మీద రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఫ్రేము కట్టి ఉంది. ఇది తప్పకుండా చూడండి. స్ప్లింట్లు అమ్మేవాళ్లు వేరు, వాటిని కొలిచి చేయడం చదువుకున్నవాళ్లు వేరు. మేం పెట్టెలో కొన్నచోట అలాంటి ఫ్రేము లేదు, ఉండాలని కూడా మాకు తెలియదు.

వెంటనే కొలతలు తీస్తాడనుకున్నాను. తీయలేదు. పాపను చెప్పుల్లేకుండా వరండా ఈ చివర నుంచి ఆ చివరకు ఐదారుసార్లు నడిపించాడు. పాత షూ తెమ్మని అడిగి అడుగు చూశాడు. తర్వాత ఒక చెక్క పలక మీద దాన్ని నిలబెట్టాడు. మడమ, పాదం బయటి అంచు పలక మీద ఉండాలి, బొటనవేలి వైపు మాత్రం గాల్లోకి జారాలి. వెనక కూర్చుని మడమ చూస్తూ నన్నూ పిలిచాడు. లోపలికి ఒరిగిపోయే మడమ పలక ఎక్కగానే నిటారుగా వచ్చింది. "చూడమ్మా, ఇంకా బిగుసుకోలేదు, వంగుతా ఉంది. పట్టుకుంటే నిలబడుతుంది" అన్నాడు. మూడేళ్లలో ఎన్నో గదుల్లో కూర్చున్నాం, పాప కాలి గురించి నాకు చూపించి మరీ చెప్పింది ఈయనే.

చీటీలో వెనక సన్నగా ఆకులా ఉండే రకం రాసి ఉంది. అది తేలిగ్గా ఉంటుంది, పాదాన్ని పైకి లేపుతుంది, కానీ మడమ పక్కకు ఒరగకుండా ఆపదు అన్నాడు. చీలమండ దగ్గర కీలు, బయటివైపు ఎత్తు గోడ ఉండే రకం కావాలన్నది ఆయన లెక్క. అలాగని సొంతంగా మార్చలేదు. మా ముందే డాక్టరుకు ఫోన్ చేసి, మడమ ఫొటో పంపి, సరేనన్నాకే పని మొదలుపెట్టాడు. కార్బన్ ఫైబర్‌వి బాగుంటాయట కదా అని మా ఆయన అడిగాడు. ఒక్కో కాలికి ముప్పై వేలకు పైమాటే అని చెప్పి, "ఎదిగే పిల్ల, ఏడాదికి చిన్నదైపోతుంది. పెద్దయినంక చూద్దాంలే" అన్నాడు. ఖరీదైన లైనింగ్ వద్దని గిరాకీకి చెప్పే టైలర్లు ఎంతమంది ఉంటారో నాకు తెలుసు.

కొలత రోజు పాపకు భయం. మెత్తటి గొట్టం సాక్సు తొడిగి, ఎముకలు పొడుచుకొచ్చే చోటల్లా, చీలమండకు రెండువైపులా, ఆ చిటికెన వేలి వెనక బుడిపె మీద, చెరగని పెన్సిలుతో గుర్తులు పెట్టాడు. ఆ గుర్తులు ప్లాస్టరు లోపలివైపు అచ్చు పడతాయి. మేం చాక్‌తో డాట్లు గీసుకున్నట్టే. కాలి ముందువైపు నిలువుగా ఒక ప్లాస్టిక్ పట్టీ పెట్టి, దానిపైన తడి ప్లాస్టరు కట్టు చుట్టాడు. "అమ్మా, వేడెక్కుతోంది!" అంది పాప. గట్టిపడేటప్పుడు అలాగే అవుతుందట. ఆ నాలుగైదు నిమిషాలూ ఆయన మడమను అరచేతిలో నిటారుగా పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు. ఆ పట్టులో తేడా వస్తే తర్వాత చేసేదంతా తేడానే. కొయ్యడానికి రంపం మిషన్ తీయగానే పాప నా కొంగు పట్టుకుంది. దాన్ని ఆన్ చేసి ముందు తన అరచేతికి ఆనించుకుని చూపించాడు. అది తిరగదు, అదురుతుందంతే. గట్టిగా ఉన్నదాన్ని కోస్తుంది, మెత్తటి చర్మం దానితో పాటే అదిరి ఊరుకుంటుంది.

అలా ఒలిచిన ప్లాస్టరు గుల్లను చూస్తే నాకు ఆది జాకెట్టే అనిపించింది. కొలతకిచ్చిన పాత జాకెట్టు ఉంటే టేపుతో పనిలేదు, మనిషే ఎదురుగా ఉన్నట్టు.

మిగతా పని చూడనిస్తారా అని అడిగితే మొహం వెలిగిపోయింది. వారం తర్వాత ఒక్కదాన్నే వెళ్లాను, చిక్‌పేటలో లైనింగ్ గుడ్డ కొనే పని ఎలాగూ ఉంది. గుల్ల నిండా ప్లాస్టరు పోసి, మధ్యలో ఇనుప గొట్టం దింపి, ఎండాక గుల్ల తీసేస్తే పాప కాలే తెల్లగా నిలబడి ఉంది. బుడిపె మీద పెన్సిలు గుర్తు కూడా. పుండు పడిన ఆ చోట ప్లాస్టరు అదనంగా పూసి ఎత్తు చేశాడు. అక్కడ స్ప్లింట్ లోపల ఖాళీ వస్తుంది, ఎముకకు తగలదు. బరువు ఓర్చుకోగల మెత్తటి చోట్ల కొంచెం చెక్కాడు. ఎక్కడ వదులు, ఎక్కడ బిగువు అన్నది అంతా ఇక్కడే తేలుతుంది. జాకెట్టు చేతి కింద అరంగుళం వదిలి నడుము దగ్గర లాగి పట్టేది కూడా ఇలాంటి లెక్కే, కాకపోతే నేను తప్పితే కుట్టు విప్పుతాను.

తర్వాత ఓవెన్. పాలలా తెల్లగా ఉన్న పాలీప్రొపిలీన్ షీటు పెట్టాడు. కాసేపటికి తలుపు అద్దంలోంచి చూడమన్నాడు. తెలుపంతా పోయి గాజులా అయిపోయింది, అవతలి గోడ కనిపిస్తోంది. అప్పుడు కుర్రాడూ ఆయనా చెరో వైపు పట్టుకుని ఆ కాలి మీద కప్పి, ముందువైపు అంచులు అతికించేసి, వ్యాక్యూమ్ మోటారు ఆన్ చేశారు. గుడ్డ ఒంటికి అతుక్కున్నట్టు షీటు ప్లాస్టరును కరుచుకుంది. అర నిమిషం కూడా పట్టలేదు, ఆ అర నిమిషంలో ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. మళ్లీ మెల్లగా తెల్లబడింది. మరుసటి రోజు దాకా కదిలించరు, త్వరపడి తీస్తే వంకర పోతుందట. పాప ఏరుకున్న సీతాకోకచిలుకల బొమ్మలు ప్లాస్టిక్ మీద అచ్చు పడి ఉన్నాయి, వేడి షీటు మీద కాగితం పెట్టి అద్దుతారు. ఈసారి చేయించేవాటికి ఏ బొమ్మా వద్దంటోంది. పెద్దదవుతోంది.

ట్రయల్ రోజు తొడిగి ఇరవై నిమిషాలు నడిపించి, విప్పి చర్మం చూశాడు. నాకు చెప్పిన సూత్రం ఇది. మొదటి రోజు గంట, రోజూ కొంచెం కొంచెం పెంచాలి. విప్పిన ప్రతిసారీ ఎర్ర మచ్చలు చూడాలి. ఇరవై, ముప్పై నిమిషాల్లో పోతే ఫరవాలేదు, పోకపోతే ఆ రోజుకు మళ్లీ తొడగకుండా తన దగ్గరికి తేవాలి. "పాపను నొస్తా ఉందా అని అడగద్దు. దానికి తెలీదు. నువ్వే చూడు" అన్నాడు. ముందు కొన్నచోట ఈ మాట ఒక్కటి చెప్పి ఉంటే ఆ పుండు పడేది కాదు.

ఇంటికొచ్చాక కుడి చీలమండ లోపలివైపు మచ్చ ముప్పావుగంటైనా పోలేదు. వెళ్లాం. వేడి గాలి గన్‌తో ఆ చోట కొంచెం ఉబ్బించాడు. పది రోజులకు పిక్క వెనక అంచు మోకాలు మడిచినప్పుడు గుచ్చుకుంటోందంటే అర సెంటీమీటరు కోసి, బయటికి వంచి, నున్నగా అరగదీశాడు. మూడోసారి వెళ్లింది కీలు కిర్రుమంటోందని. క్లాసులో నడుస్తుంటే అందరూ తల తిప్పుతున్నారని పాప ఏడ్చింది. అది చిన్న విషయమని ఆయన అనలేదు. స్క్రూ విప్పి మార్చి, గదంతా నడిపించి, తను చెవి పెట్టి విన్నాడు. మూడింటికీ ఒక్క రూపాయి తీసుకోలేదు, మొహం చిట్లించలేదు. ఇది రాయడం నాకే సిగ్గుగా ఉంది, ఆల్టరేషన్‌కు వచ్చినవాళ్లని చూసి నేను మొహం ఎలా పెడతానో మా వీధంతా తెలుసు.

నడక ఎలా ఉందంటే, తట్టుకుని పడటం వారానికి నాలుగైదు నుంచి నెలకు ఒకటికి తగ్గింది. మోకాలు అంత ఎత్తాల్సిన పని లేదు. స్కూలు నుంచి వచ్చాక పడుకుండిపోయే పిల్ల ఇప్పుడు సైకిలు అడుగుతోంది. పరుగు రాదు. స్ప్లింట్ విప్పితే నడక మళ్లీ పాతదే, జబ్బు తన దారిన తనుంది. ఎండకు స్ప్లింట్ లోపల చెమట పట్టి వాసన, కుట్టు లేని పొడుగు కాటన్ సాక్సులు రోజుకు రెండు జతలు. షూ ఒక సైజు పెద్దది కొని లోపలి అట్ట తీసేయాలి, అప్పుడే పడుతుంది. స్కూల్లో నల్ల షూ రూలు ఉంది, పెద్ద సైజు నల్లది వెల్క్రోతో దొరకడానికి మూడు ఆదివారాలు తిరిగాం.

షాపు మీద ఫిర్యాదులు మెట్లతో ఆగవు. స్ప్లింట్లకున్న వెల్క్రో పట్టీలు నాలుగు నెలలకే పట్టు వదిలేశాయి. వాటిని నేనే మార్చుకున్నాను, నా దగ్గరున్న వెల్క్రో మేలు రకం. ఆయనకు రెండు మీటర్లు ఇచ్చి కొనే చోటు కూడా చెప్పాను. గదిలో ప్లాస్టరు దుమ్ము, ఉబ్బసం ఉన్న పిల్లల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టకండి. బిల్లు అడిగితేనే ఇస్తాడు. మాకు రెండు కాళ్లకూ కలిపి పదకొండు వేలు, పైన 5 శాతం జీఎస్‌టీ. పెట్టెలో కొన్నదానికి మూడు రెట్లు. పెట్టెవి మాత్రం అటక మీదున్నాయి.

ఇంకో పెద్ద ఫిర్యాదు తేదీలు. పది రోజులన్నాడు, ఇరవై నాలుగు పట్టింది. ఫోన్ చేస్తే "అయిపోయిందమ్మా, ఫినిషింగ్ ఒకటే ఉంది" అంటాడు. ఆ మాట నేను పెళ్లివాళ్లకు ఎన్నిసార్లు చెప్పుంటానో లెక్కలేదు, అప్పటికి గుడ్డ కత్తిరించి కూడా ఉండను. అవతలి వైపు నిలబడి వినడం ఇదే మొదటిసారి. పిల్ల కాళ్లకు ఏమీ లేకుండా తిరిగే రోజులవి, నవ్వు రాలేదు. తేదీ తప్పినందుకు అర మార్కు కోత. ఐదుకు మూడున్నర.

పోయిన వారం కొత్త జత కొలతకు వెళ్లాం, పాప పాదం ఒక సైజు పెరిగింది. ప్లాస్టరు ఆరుతుండగా అడిగాను, మొదటి రోజు ఇద్దరికీనా అని ఎందుకన్నారని. పాప కాలు వదలకుండానే చెప్పాడు. "మెట్ల మీద పట్ పట్ అని పాదాలు కొట్టుకునే చప్పుడు రెండు జతలు వినిపించినాయి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది." అప్పటికి నా రిపోర్టు వచ్చి నాలుగు నెలలు. ఇంట్లో దాని గురించి మాట్లాడనిచ్చేదాన్ని కాదు. ఎవరి పాదాల చప్పుడు వాళ్లకు వినపడదేమో.

పాపది అయ్యాక చెప్పులు విప్పి నేనూ ఆ చెక్క పలక ఎక్కాను. నా మడమ నిటారుగా రాలేదు, బిగుసుకుపోయింది. ఆయన ఏమీ అనకుండా పెన్సిలు తీసుకున్నాడు. ప్లాస్టరు వేడెక్కుతుంటే పాప నా మొహంలోకి చూస్తూ, "అంతేనమ్మా, ఇంకొంచెం సేపు" అంది. ఎప్పటికి ఇస్తారని అడిగితే ఉగాదికి అన్నాడు. ఏ ఉగాదికని నేను అడగలేదు.